యంత్రానికి హాల్‌టికెట్ ఇవ్వరు

రెండో సంవత్సరం మొదట్లో కాటూరి సలోమి ఎక్స్‌రే యంత్రంగా మారింది కాబట్టి, కళాశాల ఆమె పేరును విద్యార్థుల హాజరుపట్టీలోంచి తీసేసి సామగ్రి కింద రాసుకుంది.

ఆ కళాశాల మార్కాపురం శివార్లలో, మూతబడిన ఒక పలకల ఫ్యాక్టరీలో నడుస్తోంది. రేడియాలజీ టెక్నీషియన్ డిప్లొమాకు కావలసినవన్నీ అక్కడ ఉన్నాయి. ఎక్స్‌రే గది ఉంది. గదికి సీసపు రేకు తాపడం చేసిన తలుపు ఉంది. తలుపు మీద ఎర్ర దీపం, దాని కింద గర్భిణులు లోపలికి రాకూడదన్న బోర్డు ఉన్నాయి. యంత్రం ఒక్కటే లేదు. అది దారిలో ఉందని ప్రిన్సిపాల్ శేషఫణి గారు కళాశాల పెట్టిన నాటి నుంచీ చెబుతున్నారు. ఏ దారి అని ఎవరూ అడగలేదు. ఈలోగా విద్యార్థులు ఒకరినొకరు గోడవైపు తిప్పి నిలబెట్టి, గడ్డం పైకెత్తించి, భుజాలు ముందుకు తోయించి, గాలి పీల్చి బిగబట్టమని చెప్పి, కాలింగ్ బెల్లు స్విచ్ నొక్కి ప్రాక్టికల్స్ పూర్తి చేసేవారు. బెల్లు స్టాఫ్ రూములో మోగేది. అది మోగినప్పుడల్లా అక్కడ ఎవరో ఒకరు "వస్తున్నా" అనేవారు.

ఆ రోజు గోడ దగ్గర నిలబడిన కుర్రాడు షేక్ జిలానీ. యంత్రం ఉండాల్సిన చోట, అతని వీపుకు ఎదురుగా, సలోమి నిలబడి ఉంది. ఫిల్ము ఉండాల్సిన చోట గోదాములో మిగిలిపోయిన పాత పలకల్లోంచి ఒకటి తెచ్చి అతని ఛాతీకి ఆనించారు. ఎవరో స్విచ్ నొక్కారు. బెల్లు మోగలేదు. పలక మీద జిలానీ పక్కటెముకలు తెల్లగా, వరసగా పడ్డాయి. వాటితోపాటు చొక్కా జేబులోని బండి తాళంచెవి కూడా పడింది.

"తాళంచెవి తియ్యకుండా నిలబడితే ఎట్టా జిలానీ" అంది సలోమి. యంత్రంగా ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

మేడమ్ ఒకరు వచ్చి పరిశీలించి, కిరణాలు సలోమి గొంతు కింది గుంటలోంచి వస్తున్నాయని, పుస్తకంలో చెప్పినట్టే సూటిగా వస్తున్నాయని నిర్ధారించారు. ప్రిన్సిపాల్ గారు యంత్రం వచ్చిందని అందరికీ చెప్పి, టెంకాయ కొట్టించి, ఆమె నుదుట కుంకుమ పెట్టించారు. ఆమె చర్చికి వెళ్లే పిల్ల అని జిలానీ గుర్తు చేశాడు. యంత్రానికి మతం ఉండదని ప్రిన్సిపాల్ గారు చెప్పారు.

"మరి నా హాజరు సార్?" అని అడిగింది సలోమి.

"యంత్రానికి హాజరేంటమ్మా. నువ్వు ఎక్కడికీ పోవుగా."

"పరీక్షలు సార్?"

"పరీక్షలు నీ మీదే జరుగుతాయి."

ఆ మాటను ఆమె హామీ అనుకుంది. సలోమికి ఈ చదువు ఇష్టం. చేతి మణికట్టులోని చిన్న చిన్న ఎముకల పేర్లు బస్సులో కూర్చుని తనలో తాను చెప్పుకునే పిల్ల. డిప్లొమా చేతికి రాగానే ఒంగోలులో ఏదైనా ఆసుపత్రిలో చేరి, తెల్లకోటు జేబు మీద తన పేరు కుట్టించుకోవాలని అనుకునేది.

తరువాతి వారం తనిఖీ బృందం వచ్చింది. యంత్రం పనితీరు బాగుందని, కానీ నిబంధనల ప్రకారం దాన్ని నేలకు బిగించి ఉండాలని అధికారి అన్నారు. అప్పటికప్పుడు మేస్త్రీని పిలిచి సలోమి చెప్పులను బోల్టులతో నేలకు బిగించారు. చెప్పులు మాత్రమే బిగించాం కాబట్టి భోజనానికి వెళ్లేటప్పుడు ఆమె వాటిని విడిచి వెళ్లవచ్చని, దీన్ని విద్యార్థిని పట్ల కళాశాల చూపిన ఉదారతగా నివేదికలో రాయాలని ప్రిన్సిపాల్ గారు కోరారు. ఆ విద్యార్థిని ఎవరని అధికారి అడిగారు. అలాంటి విద్యార్థిని ఎవరూ లేరని తేలడంతో ఆ వాక్యం కొట్టేశారు. వెళ్లేముందు అధికారి తన కుడి మోకాలికి ఎక్స్‌రే తీయించుకున్నారు. కొంతకాలంగా నొప్పిగా ఉందట.

హాస్టల్ మెస్సులో సలోమికి వేరే బల్ల వేశారు. దాని చుట్టూ సీసపు తెర నిలబెట్టారు. స్నేహితురాళ్లు తెర అవతల నుంచి పప్పు గిన్నె అందించేవారు. వాళ్లకు ఆమె మీద కోపమేమీ లేదు. కిరణాలకు దూరంగా ఉండాలని మొదటి సంవత్సరంలోనే చదువుకున్నారు, సలోమి కూడా వాళ్లతోపాటే చదువుకుంది.

ఊళ్లోంచి రోగులు రావడం మొదలైంది. పలకలను తడిగుడ్డతో తుడిచి మళ్లీ వాడుకోవచ్చు కాబట్టి కళాశాలకు ఫిల్ముల ఖర్చు లేదు. వానాకాలంలో మాత్రం కొంత ఇబ్బంది ఎదురైంది. ఒకాయన మోకాలు దారిలోనే వానకు చెరిగిపోయింది. డాక్టరు పలక చూసి, మోకాలు లేనప్పుడు మోకాలు నొప్పికి మందు రాయలేనని పంపించేశారు. ఆయన కుంటుకుంటూ తిరిగివచ్చి, ఈసారి సంచి తెచ్చుకున్నానని చెప్పి మళ్లీ వరసలో నిలబడ్డాడు.

చివరి పరీక్షలకు హాల్‌టికెట్లు వచ్చినప్పుడు సలోమి చెప్పులు విడిచి, ఉత్తకాళ్లతో ఆఫీసు గదికి వెళ్లింది. గుమాస్తా వెతికి చూసి, ఆమె రోల్ నంబరు యంత్రానికి వేసేశామని చెప్పాడు. ఆమె ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది.

"చూడమ్మా" అన్నారు శేషఫణి గారు. ఆయన గొంతులో విసుగు లేదు. "నువ్వు పరీక్ష రాయడానికి వెళ్తే ఇక్కడ యంత్రం ఉండదు. యంత్రం లేకపోతే ప్రాక్టికల్స్ జరగవు. ప్రాక్టికల్స్ జరక్కపోతే పరీక్షే రద్దవుతుంది. రద్దయిన పరీక్ష నువ్వెట్లా రాస్తావు?"

సలోమి ఆలోచించింది. ఆ లెక్కలో ఆమెకు తప్పేమీ కనపడలేదు. ఏడుపు మాత్రం వచ్చింది. తడి యంత్రాలకు మంచిది కాదని ఆయన తన రుమాలు ఇచ్చారు.

ప్రాక్టికల్స్ రోజున బయటి నుంచి ఒక పరీక్షకుడు వచ్చారు. విద్యార్థులు ఒక్కొక్కరే లోపలికి వచ్చి, సలోమి ఎదుట రోగిని నిలబెట్టి, స్విచ్ నొక్కి వెళ్లారు. జిలానీ వంతు వచ్చింది. భుజం ఎక్స్‌రేకు చేతిని ఎలా ఉంచాలని పరీక్షకుడు అడిగారు. జిలానీ నేల చూశాడు, కప్పు చూశాడు. సలోమి పెదాలు కదలకుండా, "అరచెయ్యి పైకి తిప్పి, ఒంటికి కాస్త ఎడంగా" అంది. పరీక్షకుడికి ఆ మాట వినపడింది. ఆయన కొంచెంసేపు ఆలోచించి, యంత్రం నుంచి ఫలితం రాబట్టడమే టెక్నీషియన్ పని అని, ఈ అబ్బాయి రాబట్టాడని చెప్పి పూర్తి మార్కులు వేశారు.

అందరూ పాసయ్యారు. కళాశాల జిలానీని యంత్రం నడిపే ఉద్యోగంలోకి తీసుకుంది. మొదటి రోజు అతను ఆమెకు టీ తెచ్చి, గ్లాసు అందిస్తూ తల దించుకున్నాడు.

"నీకు రావలసింది నాకొచ్చింది సలోమీ."

"పలకను చెమట చేతుల్తో పట్టుకోబాక. అచ్చు చెదిరిపోద్ది" అంది ఆమె.

కొన్నాళ్లకు సలోమి నాయన దేవసహాయం రోగుల వరసలో వచ్చాడు. అతను ఊళ్లో ఇంకా నడుస్తున్న ఒక ఫ్యాక్టరీలో పలకలకు పాలిష్ పట్టే పని చేస్తాడు. చాలాకాలంగా దగ్గు. కూతురి దగ్గరికి వచ్చాను కదా అని వరస దాటలేదు. తన వంతు వచ్చేదాకా నిలబడ్డాడు. లోపలికి వచ్చాక చొక్కా విప్పి, మడిచి, బల్ల మీద పెట్టాడు. జిలానీ అతన్ని గోడవైపు తిప్పి ఛాతీకి పలక ఆనించాడు. నాయన వీపును సలోమి అంత దగ్గరగా ఎప్పుడూ చూసి ఉండలేదు. జిలానీ స్విచ్ నొక్కాడు.

రెండు ఊపిరితిత్తుల పైభాగంలోనూ ముగ్గుపిండి చల్లినట్టు చుక్కలు పడ్డాయి.

జిలానీ పలకను బోర్లించి పట్టుకున్నాడు. తీసింది ఇవ్వాలి గాని, చూసింది చెప్పకూడదన్నది ఈ వృత్తిలో గట్టి నియమం. చెప్పే అధికారం రేడియాలజిస్టుది. రేడియాలజిస్టు గారు తనిఖీ రోజున వచ్చి, మళ్లీ తనిఖీకి వస్తానని చెప్పి వెళ్లారు.

"ఏం కనపడింది బాబూ?" అని జిలానీని అడిగాడు దేవసహాయం.

"డాక్టరు గారు చెప్తారు పెద్దాయనా."

"నాయనా" అంది సలోమి. "లోపలంతా పలక పొడే. ఇంక ఆ పాలిష్ మిషను కాడికి పోబాక."

దేవసహాయం చొక్కా తొడుక్కుంటూ ఆగాడు. కూతురి వైపు చూశాడు. తరువాత జిలానీ వైపు తిరిగి, "ఇప్పుడు చెప్పింది యంత్రమా, మా అమ్మాయా?" అని అడిగాడు. తమ ఓనరు తేలిక పని ఇవ్వాలంటే కాయితం అడుగుతాడని, ఎవరు చెప్పారో తెలిస్తే రాయించుకుంటానని అన్నాడు.

జిలానీకి తెలియలేదు. ముగ్గురూ కలిసి ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లారు. ఆయన సమస్యను రెండు వైపుల నుంచీ శ్రద్ధగా చూశారు. చెప్పింది యంత్రమైతే అది లోపం, ఎక్స్‌రే యంత్రం బొమ్మ తీయాలే తప్ప మాట్లాడకూడదు. చెప్పింది అమ్మాయి అయితే ఆమె ఈ కళాశాలలో చదవడం లేదు, బయటివాళ్లకు ఎక్స్‌రే గదిలోకి ప్రవేశం లేదు, లేనిచోట ఆమె మాట్లాడి ఉండదు. ఎటు చూసినా కాగితం ఇవ్వడం కుదరదు.

"పిల్ల చెప్పింది నిజమేనా సార్?" అన్నాడు దేవసహాయం.

"అది వేరే సంగతి" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

కాగితం లేకపోవడంతో దేవసహాయం పాలిష్ మిషను దగ్గరే ఉండిపోయాడు. యంత్రం మాట్లాడే లోపం సరిచేయడానికి ఒంగోలు నుంచి మెకానిక్ వచ్చాడు. సలోమిని నోరు తెరవమన్నాడు, మూయమన్నాడు, కొన్ని ప్రశ్నలు అడిగాడు. యంత్రం సొంతవాళ్లను చూసినప్పుడే మాట్లాడుతోందని, సొంతవాళ్లను రానివ్వకపోతే సరిపోతుందని రాసి ఇచ్చాడు. గర్భిణుల బోర్డు కింద ఇంకో బోర్డు పెట్టారు. యంత్రం బంధువులకు ప్రవేశం లేదు.

అప్పటి నుంచి దేవసహాయం ఆదివారాలు వచ్చి బయటి బెంచీ మీద కూర్చునేవాడు. తలుపు మీద ఎర్ర దీపం వెలిగితే పిల్ల పనిలో ఉందని, ఆరితే కాస్త కుదుటపడిందని అనుకునేవాడు. పక్కన కూర్చున్నవాళ్లకు, "లోపలుండేది మా పెద్దదే" అని చెప్పేవాడు. చెబుతుంటే అతని ముఖం వెలిగేది. లోపల సలోమికి దగ్గు వినపడేది. సీసం ఆపేది కిరణాలనే. ఆ దగ్గు ఎంత లోతు నుంచి వస్తోందో పలక లేకుండానే ఆమెకు తెలిసేది. మొదట్లో అది వినపడినప్పుడు ఆమె ముందున్న బొమ్మ అదిరేది, పలక రెండోసారి తీయాల్సి వచ్చేది. తరువాత తరువాత అదరడం తగ్గింది. రోగులు ఏం కనపడిందమ్మా అని అడిగితే, డాక్టరు గారు చెప్తారు అనడం ఆమె కూడా నేర్చుకుంది. యంత్రం పూర్తిగా బాగుపడిందని జిలానీ మెకానిక్‌కు రాసి పంపాడు. రాసిన రోజు అతను అన్నం తినలేదు.

కొత్త సంవత్సరం అడ్మిషన్లు మొదలయ్యాయి. కళాశాల ముందు, అత్యాధునిక యంత్ర సదుపాయం కలదన్న ఫ్లెక్సీ కట్టారు. దేవసహాయం ఇంటర్ పాసైన చిన్నకూతురు రూతును వెంటబెట్టుకుని వచ్చాడు. నాలుగు మాటలకోసారి దగ్గుతున్నాడు. ప్రిన్సిపాల్ గారు లేచి కుర్చీ చూపించారు.

"పెద్దది ఎక్స్‌రే అయింది గదా సార్" అన్నాడు దేవసహాయం. "దీన్ని సీటీ స్కానుకు చేర్చుకుంటారేమో అని వచ్చాను. ఇది దానికంటే ఒళ్లు గట్టి పిల్ల."

ప్రిన్సిపాల్ గారు రూతును కిందినుంచి పైదాకా చూశారు. గది తలుపు వెడల్పు కూడా చూశారు.

"గ్యారంటీ ఇవ్వలేం. కానీ మా దగ్గర చేరినవాళ్లకు ఆ అవకాశం ఉంది."

"పర్మినెంటేనా సార్?"

"యంత్రాన్ని తీసెయ్యాలంటే పనికిరాదని తేల్చాలి. తేల్చడానికి కమిటీ వెయ్యాలి. ఆ కమిటీ కూర్చోవాలి."

"అంటే పర్మినెంటే" అన్నాడు దేవసహాయం, తృప్తిగా.

రూతు అప్పటిదాకా మూసి ఉన్న సీసపు తలుపు వైపు చూస్తూ ఉంది. ఇప్పుడు ఇటు తిరిగింది.

"నేను పరీక్ష రాస్తానా సార్?" అని అడిగింది.

"మొదటి సంవత్సరం అందరూ రాస్తారమ్మా" అన్నారు ప్రిన్సిపాల్ గారు, పెన్ను మూత తీసి తండ్రికి ఇస్తూ.

దేవసహాయం దగ్గు ఆగేదాకా పెన్ను పట్టుకుని ఆగి, తరువాత సంతకం పెట్టాడు.