గులాబీ జెండాల కంచె

రస్సెల్ టిబ్బెట్స్ మంచివాడని మిల్‌బర్న్ ఊరంతా చెబుతుంది. సలహా ఇచ్చి పైసా తీసుకోడని కూడా చెబుతుంది. అసలు తంటా అంతా అక్కడే ఉంది. డబ్బు తీసుకునేవాడైతే లైల్ హాస్కిన్స్ అతని మాట వినేవాడే కాదు.

లైల్ ఇళ్ళకు పైకప్పులు వేస్తాడు. ఒహాయోలో వానలు పడినంత కాలం అతనికి తిండికి లోటు లేదు. మార్చిలో అతని పిల్లలు, ఏడేళ్ళ టెస్, నాలుగేళ్ళ ఓటిస్, జంతువుల ఆశ్రమం నుంచి గోధుమరంగు కుక్కనొకదాన్ని తెచ్చుకుని దానికి సూప్ అని పేరు పెట్టారు. అది పారిపోయే రకం. అప్పటికే రెండిళ్ళ నుంచి తిరిగొచ్చింది. అందుకని ఆశ్రమం వాళ్ళు షరతు పెట్టారు: కొన్నాళ్ళయ్యాక మిసెస్ ఓడెగార్డ్ అనే ఆవిడ వచ్చి పెరడు చూస్తుంది. చుట్టూ అడ్డు ఉంటే కుక్క పిల్లలది. లేకపోతే అదే బండిలో వెనక్కి.

పెరటికి వెనక రైల్వే వాళ్ళ ఇనుప వల, ఎడమ పక్క చర్చి గోడ, ముందు ఇల్లు ఉన్నాయి. కుడి పక్క టిబ్బెట్స్ పచ్చిక. అటే బోసిగా ఉంది. సూప్ ఆ పచ్చిక అంచుకు చేరినప్పుడల్లా టిబ్బెట్స్ వరండాలోంచి అరిచేవాడు. అరిచీ అరిచీ ఒకనాడు సలహా ఇచ్చాడు.

"కంచెకి డబ్బు తగలెయ్యడం దేనికి అబ్బాయ్? నేల్లో కరెంటు తీగ పాతెయ్. కుక్క మెడకి పట్టీ కట్టు. తీగ దగ్గరకొస్తే పట్టీ చురుక్కుమంటుంది. గుర్తుకి తెల్ల జెండాలు గుచ్చు. పది రోజులు పోతే జెండా చూసే వెనక్కి తిరుగుద్ది."

లైల్ అలాగే చేశాడు. సూప్ జెండాలకు బెదరడం నేర్చుకుంది కూడా. టిబ్బెట్స్ చెప్పకుండా దాచింది ఒకటుంది: కంచెకు తనే డబ్బు తగలేస్తున్నాడని. శుక్రవారం అతని తరఫున సర్వే మనిషి వచ్చి, రెండు స్థలాల హద్దు మీద గులాబీ రంగు జెండాలు గుచ్చి పోయాడు. లైల్ సాయంత్రం వాటిని చూసి, గ్యాసు కంపెనీ వాళ్ళ పని అనుకున్నాడు. వాళ్ళు ఎప్పుడూ ఏదో ఒకటి గుచ్చిపోతూనే ఉంటారు.

శనివారం మూడింటికి మిసెస్ ఓడెగార్డ్ వస్తుంది. లైల్ పథకం సులువైనది. పొద్దున్నే గడ్డి కోయాలి, కుక్కకు స్నానం చేయించాలి, చొక్కా మార్చుకోవాలి.

"జెండాలన్నీ పీకేయండి," అన్నాడు పిల్లలతో. "కోశాక మళ్ళీ గుచ్చుదురుగాని."

అన్నీ అంటే అన్నీ అనే పిల్లలు వాళ్ళు. తెల్లవీ పీకారు, గులాబీవీ పీకారు. లైల్ గడ్డి కోసి, పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ తొట్టి గేటు దగ్గర పెట్టి, సూప్ మెడపట్టీ తీసి, సబ్బు రుద్దడం మొదలుపెట్టాడు. మెడకు పట్టీ లేదు, గేటుకు గొళ్ళెం పెట్టి లేదు. సూప్ రెండూ గమనించింది. నురగతో సహా వీధిలోకి దూకింది. వెనకే లైల్, ఒక కాలికి చెప్పుతో.

అతను మూల తిరిగాక కంచె మనుషుల లారీ వచ్చి ఆగింది. పిల్లలు అప్పుడే జెండాలు గుచ్చడం ముగించి చేతులు దులుపుకుంటున్నారు. మేస్త్రీ డ్వేన్ గులాబీ వరుస వెంట ఒక కన్ను మూసి చూశాడు.

"హద్దు ఇదేనా తల్లీ?"

"ఇదే," అంది టెస్. "నీళ్ళ గొట్టం పరిచి తిన్నగా పెట్టాం."

"బాగా పెట్టారు," అన్నాడు డ్వేన్. ఇనుప స్తంభాలు దిగేసే యంత్రం కిందికి దింపాడు.

బజారు నుంచి వచ్చిన లైల్ భార్య డార్లీన్ సగం లేచిన కంచె చూసి సంచులు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పదకొండేళ్ళ కాపురంలో లైల్ ఆమెకు చెప్పకుండా చేసిన పనులు చాలా ఉన్నాయి. వాటిలో మంచిది ఇదే మొదలు. ఆమె కంచె మనుషులందరికీ కాఫీ ఇచ్చింది, వేడి మఫిన్లు పెట్టింది.

"మూడింటికల్లా అయిపోవాలి బాబూ. పిల్లల ప్రాణమంతా ఆ కుక్క మీదే ఉంది."

"ఇంత మర్యాద ఎక్కడా చూళ్ళేదమ్మా. రెండున్నరకే ఇచ్చేస్తాం," అన్నాడు డ్వేన్.

లైల్‌కు సూప్ చాలాసేపటికి అగ్నిమాపక కేంద్రం దగ్గర దొరికింది. అక్కడ చందాల కోసం పాన్‌కేకుల విందు జరుగుతోంది. కుక్క బల్ల కింద కూర్చుని అందరి దగ్గరా సాసేజీలు వసూలు చేస్తోంది. దాన్ని చంకలో పెట్టుకుని ఇల్లు చేరేసరికి పెరట్లో ఆరడుగుల చెక్క కంచె నిలబడి ఉంది. డార్లీన్ పరుగెత్తుకొచ్చి అతని మెడ చుట్టూ చేతులేసింది.

"ఒక్క మాట చెప్పొచ్చుగా లైల్!"

ఆదివారాలు కూడా పని చేసి దాచిన డబ్బు ఆమె ఈ కంచెకే పెట్టేసిందని లైల్ అనుకున్నాడు. తనను ఎందుకు కౌగిలించుకుంటోందో అర్థం కాలేదు. అర్థం కానప్పుడు నోరు మూసుకోవాలని పెళ్ళయిన మొదటి ఏడాదే నేర్చుకున్నాడు.

మూడింటికి మిసెస్ ఓడెగార్డ్ వచ్చింది. కంచెను భుజంతో నెట్టి చూసింది. కదల్లేదు. కలం తీసింది. అప్పుడే చేపల వేట నుంచి తిరిగొచ్చిన టిబ్బెట్స్, బండి దిగి పచ్చిక దాటి వచ్చి, కంచె చివర నిలబడ్డాడు. కంచెను చూశాడు. పొద్దుటికన్నా బాగా వెడల్పైన తన పచ్చికను చూశాడు.

"మీ పని అయిపోయింది టిబ్బెట్స్ గారూ," అన్నాడు డ్వేన్. "బిల్లు మీ తలుపు దగ్గర పెట్టా."

లైల్, డార్లీన్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లైల్ మెల్లగా టెస్ వైపు వంగాడు.

"గులాబీ జెండాలు పీకినచోటే గుచ్చారా?"

"లేదు నాన్నా. సూప్ దగ్గరకెళ్తే టిబ్బెట్స్ గారు అరుస్తారుగా. అందుకని ఇటు మన వైపుకి జరిపాం. ఇంక అరవరు."

లైల్ నోరు తెరిచాడు. మిసెస్ ఓడెగార్డ్ కలం ఆపింది.

"ఏమైనా తేడా ఉందా? ఈ కంచె పీకేసేదైతే ఇప్పుడే చెప్పండి, కుక్కని తీసుకెళ్తా. నాలుగో ఇల్లు దీనికి దొరకదు."

టెస్ సూప్ మెడను రెండు చేతులా వాటేసుకుంది. "దాన్ని తీసుకెళ్తే నేనూ బండెక్కుతా," అన్నాడు ఓటిస్, వెళ్ళి బూట్లు తెచ్చుకున్నాడు కూడా.

"నాకైతే ఏ తేడా కనపడట్లేదు," అన్నాడు టిబ్బెట్స్ ప్రశాంతంగా. "నీకేమన్నా కనపడుతోందా అబ్బాయ్?"

లైల్ కంచెను చూశాడు, బూట్లు తారుమారుగా తొడుక్కుంటున్న కొడుకును చూశాడు.

"లేదు. హద్దు సరిగ్గానే ఉంది."

"అలాగే రాసుకోనా?"

"రాసుకోండి మేడమ్."

ఆవిడ రాసుకుంది. సాక్షిగా టిబ్బెట్స్ సంతకం పెట్టాడు. వెళ్తూ వెళ్తూ లైల్ భుజం తట్టాడు.

"మీ వైపు లేత రంగు వేసుకో. పెరడు పెద్దదిగా కనిపిస్తుంది."

ఆ రోజు నుంచి టిబ్బెట్స్ కుక్క మీద ఒక్కసారి కూడా అరవలేదు. "నేను చెప్పలేదా నాన్నా," అంటుంది టెస్ ఇప్పటికీ. ఆ ప్రశాంతతకు లైల్ ఇచ్చుకున్నది తొమ్మిదడుగుల వెడల్పున, ఎనభై నాలుగు అడుగుల పొడవున, ఏడు వందల యాభై ఆరు చదరపు అడుగుల నేల.