తేడా లేని సోయకూర

సోపుకు చుట్టమైన నాటు సోయకూర రకాల మధ్య తరతరాలుగా కొనసాగుతున్న తేడాలను మా పరిశోధనా కేంద్రం విజయవంతంగా నిర్మూలించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆ తేడాలను అధ్యయనం చేయడానికే ఈ కేంద్రం పెట్టారన్నది చిన్న విషయం. పెద్దలు చిన్న విషయాలు పట్టించుకోరు.

పట్టించుకున్నది ఒక్కతే. కొత్తగా పెళ్లయి, కొత్తగా ఉద్యోగంలో చేరిన పరిశోధకురాలు. ఊరూరా తిరిగి రైతులను బతిమాలి విత్తనాలు తెచ్చింది. గింజలు చూడ్డానికి కవలపిల్లల్లా ఉన్నా, నూనె తీస్తే ఏ రకం పుట్టుబుద్ధి దానిదే. కొండవాలు రకం నిమ్మతొక్కలా గుప్పుమనేది. ఏటిగట్టు రకం జీలకర్రకు దాయాది. ఇసుకనేల రకం అచ్చం దగ్గుమందు. సాయంత్రం ఇంటికెళ్తే మొగుడు ఆమె జడ దగ్గర ముక్కు పెట్టి, "ఇవాళంతా కొండవాలుతో కబుర్లా?" అనేవాడు. "మీ ముక్కుకి మా ఆఫీసులో ఉద్యోగం ఇప్పించనా?" అనేది. ఆ నవ్వుల్లో అలసట ఎటు పోయేదో!

సోయ పూలంటే తేనెటీగలకు ప్రాణం. వాటికి కులగోత్రాల పట్టింపు లేదు. ఒక రకం పుప్పొడి ఇంకో రకం మీద పడిందా, రెండు వంశాలూ కలగాపులగమే. అందుకే ఆమె పూగుత్తులన్నిటికీ పల్చటి గుడ్డసంచులు తొడిగింది.

కేంద్రం వార్షికోత్సవానికి ముఖ్య అతిథి రాక ఖాయమైనప్పుడే, మళ్లు ఒత్తుగా కనపడాలని ఆమె బీరువాలో దాచిన విత్తనమంతా చల్లించేశారు డైరెక్టరుగారు. ఇప్పుడు మళ్లు పూతకొచ్చాక తనిఖీకి వచ్చి అదిరిపడ్డారు.

"పూలకి ముసుగులేంటమ్మా? ఫొటోలో ఆస్పత్రి వార్డులా పడుతుంది. తీయించెయ్."

"తీస్తే రకాలన్నీ కలిసిపోతాయి సార్."

"కలిస్తే మంచిదేగా! మనక్కావలసింది ఐకమత్యమే."

సంచులు తీశారు. ముఖ్య అతిథి పువ్వును ముక్కు దగ్గర పెట్టుకుని, కెమెరావైపు చూసి వెళ్లిపోయారు. తేనెటీగలు మాత్రం భత్యాలు అడక్కుండా పొద్దుగూకేదాకా పనిచేశాయి. ఆ ఆవరణలో అలాంటి దృశ్యం అరుదు.

మరుసటి పంటలో ఏ మడి నూనె తీసినా ఒకటే వాసన, పాతబట్టల పెట్టె వాసన. ఆమె ఏడ్చింది. డైరెక్టరుగారి కళ్లూ చెమర్చాయి, ఆనందంతో. వెంటనే శాస్త్రవేత్తల సమావేశం పెట్టి ప్రసంగించారు: "తేడా అంటేనే వెనకబాటుతనం! మనం 'ఏకవాసన' అనే మేలురకాన్ని సృష్టించాం. దీన్ని రైతులందరికీ పంచి, వాళ్ల పాత విత్తనాలు ఇక్కడికి తెప్పించి తగలబెడదాం."

ఆమె లేచింది. "రైతుల దగ్గర మిగిలిందే ఆఖరి విత్తనం సార్. అదీ పోతే ఆ రకాలను మళ్లీ ఎవరూ పుట్టించలేరు."

హాలంతా దగ్గింది. విరామంలో కాఫీ దగ్గర ఒక్కొక్క శాస్త్రవేత్తా వచ్చి, "భేష్ తల్లీ, నువ్వన్నదే నిజం. నేనూ అదే అందామనుకున్నా," అని చెవిలో చెప్పాడు. ఒకరు వచ్చినట్టు ఇంకొకరికి తెలియకుండా అందరూ వచ్చారు. దూదిపింజలా తేలిపోతున్న మనసుతో ఆమె లోపలికి వెళ్లింది.

"తీర్మానానికి అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తండి."

అడవిలా లేచాయి చేతులు. ఎత్తనిది ఆమె ఒక్కతే. డైరెక్టరుగారు కళ్లజోడు సర్దుకుని, కన్నతండ్రిలా అడిగారు: "అమ్మాయ్, నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు కదూ?"

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

పాఠకులూ చప్పట్లు కొట్టవచ్చు. ఆ మోతలో మీ చేతులేవో ఎవరికీ తెలియదు.