రెండో దశలో నా ముందుపన్ను

ఈ వ్యవహారం మొదలయ్యే నాటికి నా నోట్లో నికరంగా ఉన్నవి ముప్పై ఒక్క పళ్ళు, ఒక స్క్రూ.

స్క్రూ ప్రభుత్వానిది. ‘ఇంటింటా చిరునవ్వు’ పథకం మొదటి దశలో నిపుణులు పన్ను ఊడిన చోట దవడలోకి స్క్రూ దించి, పైన చిన్న మూత బిగించి, పన్ను రెండో దశలో పెడతామని పంపేశారు. అలా పదివేల దవడలయ్యాక, వాటిమీద పళ్ళు బిగించేవాళ్ళు చాలినంతమంది లేరని ప్రభుత్వం స్వయంగా కనిపెట్టింది. ఇంకొకరైతే ఆ సంగతి దాచుకునేవారు. మంత్రిగారు పత్రికలవాళ్ళను పిలిచి మరీ చెప్పారు.

“మామూలు దంతవైద్యులందరికీ మూడే రోజుల్లో శిక్షణ ఇస్తాం. ఇకపై ఏ పౌరుడూ ఒట్టి స్క్రూతో మిగిలిపోడు.”

నాది హార్డ్‌వేర్ కొట్టు. నోటితో బతికేవాణ్ణి. ఊడింది ముందుపన్ను కావడంతో ధర చెబుతుంటే మధ్యలో ఈల వస్తోంది. ఈలతో వచ్చిన ధరను ఎవరూ ఖాయమనుకోరు, సగానికి అడుగుతారు. ఇంట్లో మా ఆవిడది ఇంకో బాధ.

“మీరు ఫోన్లో మాట్లాడుతుంటే కుక్కరనుకుని స్టవ్ కట్టేశాను. అన్నం పలుకుగా ఉంటే నన్ననకండి,” అంది.

అందుకే శిక్షణ మూడో రోజు ప్రాక్టికల్‌కి పేషెంటుగా రమ్మని కబురు రాగానే కొట్టు మూసి వెళ్ళాను. బంధువుల పెళ్ళిళ్ళకి కూడా నేను కొట్టు మూయను.

హాల్లో నలభై కుర్చీలు. నాకు పన్ను బిగించాల్సిన డాక్టరమ్మ గ్లవ్స్ తొడుక్కుంటోంది.

“ఇప్పటిదాకా ఏం నేర్పారమ్మా?” అని అడిగాను.

“మొదటి రోజు ప్రారంభోత్సవం బాబాయ్‌గారూ. నిన్న స్క్రీన్ మీద పన్ను చూపించారు.”

“చూశావా?”

“వెనక వరసలో కూర్చున్నాను. ముందాయన తల కనిపించింది.”

అబద్ధం చెప్పని పిల్ల. నోరు తెరిచాను. కిట్‌లోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి మూత మీద పెట్టి తిప్పింది. శిక్షణ డైరెక్టరుగారు పక్కకొచ్చి నిలబడ్డారు.

“తిరుగుతోందా?”

“తిరుగుతోంది సార్.”

“వెరీగుడ్. ఏది?”

“నా చెయ్యి సార్.”

నేను లేచి, డ్రైవర్ అందుకుని దాని మొన చూశాను. అద్దంలో నా మూత చూసుకున్నాను.

“అయ్యా, మూతకున్న గాడి ఆరు పలకలు. ఈ డ్రైవర్ నాలుగు పలకలది. ఒకే కంపెనీ సరుకు కాదు.”

“ఎలా అవుతుందండీ? స్క్రూల టెండరు మొదటి దశలోది. డ్రైవర్లది రెండో దశ.”

“మరి సరిపోయేది తెప్పించొచ్చుగా?”

“అది మూడో దశ,” అన్నారాయన. ఆ తర్వాత నన్ను ఎంతో గౌరవంగా చూశారు. “తమరికి ఈ రంగంలో ఎన్నేళ్ళ అనుభవం?”

“స్క్రూలలోనా? ముప్పై ఏళ్ళు.”

నా పేరూ కొట్టు అడ్రసూ అడిగి, అనుభవంతో సహా రాసుకున్నారు. అంత శ్రద్ధ గల అధికారిని నేను చూడలేదు.

మధ్యాహ్నం మంత్రిగారు సర్టిఫికెట్లు పంచడానికి వచ్చారు. నలభైమందిలో ఒక డాక్టరుగారు పంటినొప్పితో రాలేదు. డైరెక్టరుగారు ఆ ఖాళీ కుర్చీనీ నన్నూ మార్చి మార్చి చూశారు.

“నలభై అని ప్రెస్‌నోట్ వెళ్ళిపోయింది. కాస్త కూర్చుందురూ.”

కూర్చున్నాను. మంత్రిగారు స్వయంగా నా చేతిలో సర్టిఫికెట్ పెట్టి, “నవ్వండి, పథకం పేరే అది,” అన్నారు. నవ్వాను.

“మీరు మాత్రం నోరు మూసుకుని నవ్వండి సార్,” అన్నాడు ఫొటోగ్రాఫర్.

వారం ఆగి, కొట్టులోంచే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. స్క్రూ ఉంది, పన్ను కావాలన్నాను. అవతలి అమ్మాయి వీధి పేరు అడిగింది.

“అదృష్టవంతులండీ. శిక్షణ పొందిన నిపుణులు మీ వీధిలోనే ఉన్నారు. ముప్పై ఏళ్ళ అనుభవం. రాసుకోండి.”

రాసుకున్నాను. నా కొట్టు అడ్రసే.

“ఆయన చెయ్యి మంచిదేనామ్మా?”

“ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ లేదండీ. ఈ ఉదయమే పదకొండు మందిని పంపించాం.”

తలెత్తి చూశాను. కొట్టు ముందు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని జనం వరసలో నిలబడి ఉన్నారు. లెక్కపెట్టాను. అమ్మాయి చెప్పింది నిజమే.

ఆఖరుకు తేలిన లెక్క: పళ్ళు ముప్పై ఒకటి, సర్టిఫికెట్ ఒకటి, స్క్రూలు నాదానితో కలిపి పన్నెండు.