కోత పండుగ వేలంలో రోజలిన్ బొమ్మ

ఆదివారం పొద్దున రోజలిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కోత పండుగ ఆరాధనలో తన బొమ్మను టీవీ మీద చూపించాలి. కోడ్ రాసి, పొర మీద పొరగా పేర్చిన విశాఖ బొమ్మ అది. గట్టిగా గొంతు వినిపించినప్పుడల్లా కొత్త పొర ఒకటి వచ్చి చేరుతుంది. క్వయర్ పాడుతుంటే ఊరు మెల్లగా పైకి రావాలని ఆమె ఆశ.

నాన్న జ్ఞానశేఖర్ పోర్టులో క్రేన్ ఆపరేటరు. ఆ బొమ్మ వైపు ఒక్కసారీ తల తిప్పలేదు గానీ తీర్పు మాత్రం ముందే ఇచ్చేశాడు. "సర్చిలో ఒక్కడైనా బాగుందంటే సరే. నేదంటే రేపట్నుంచి బ్యాంకు పరీచ్చల కోసింగే!"

ఆయన డ్యూటీ నుంచి తిన్నగా చర్చికే వస్తానన్నాడు. అదే అదనుగా రోజలిన్, అమ్మ ఫ్లోరెన్స్ కలిసి హాల్లో టీవీని ఆటో ఎక్కించారు. చర్చిలో ప్లగ్గు కానుకల బల్ల దగ్గరే ఉంది. గుమ్మడికాయల మధ్య టీవీ పెట్టగానే, అలంకరణ చేసేవాళ్లు అలవాటుగా దానికీ వరికంకులు కట్టేశారు.

ఆరాధన సాగినంతసేపూ కరెంటు లేదు. క్వయర్ పాడి కూర్చుంది, రోజలిన్‌కి ఏడుపొచ్చింది. కరెంటు వచ్చి తెర మీద ఒట్టి సముద్రం వెలిగేసరికి వేలం నడుస్తోంది. కోత పండుగనాడు ఆ బల్ల ఎక్కినదేదైనా వేలానికి పోవలసిందే. సంఘపెద్ద యోహాన్ అరటిగెల అమ్మేసి టీవీ మీద చెయ్యి వేశాడు.

"ఇప్పుడీ సముద్రం బొమ్మ! పాడండి!"

"ఆపండి తాతగారూ!" రోజలిన్ చెయ్యెత్తి అరిచింది. ఎత్తిన చేతిని యోహాన్ వేలంపాట కింద లెక్కేసుకున్నాడు. అరుపుకి సముద్రం మీద జాలరిపేట పడవలు తేలాయి. జనం "ఓహో" అన్నారు. దానికి పోర్టు లేచింది.

"ఇంకోపాలి అరవండ్రా, ఏటొస్తాదో సూద్దాం!" అన్నారు జనంలో ఎవరో.

ఊరికే అరిస్తే కుదరదు, పాట పెంచి అరవాలన్నాడు యోహాన్. పెంచారు. స్టీల్ ప్లాంటు పొగగొట్టాలు వచ్చాయి.

అప్పుడే వచ్చి వెనక బెంచీలో కూర్చున్న జ్ఞానశేఖర్‌కి తలల సందులోంచి ఒక క్రేను కనిపించింది. కేబిన్‌లో ఒంటరిగా ఓ మనిషి, పక్కన కొక్కేనికి అన్నం క్యారియరు.

"ఎవడు గీసాడో గానీ బావా, మన బతుకు తెలిసినోడే," అని పక్కాయనతో అని లేచి నిలబడ్డాడు. "ఎవులెంతంటే దానికి పైన నాను!"

ఇంకెవరూ పోటీకి రాలేదు. జ్ఞానశేఖర్ ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు. రోజలిన్ ముఖం చేతుల్లో దాచుకుంది. ఫ్లోరెన్స్ రబ్బరు బ్యాండు చుట్టిన రిమోట్‌ని ఆయన చేతిలో పెట్టింది. ఆయన రిమోట్ చూశాడు, వరికంకులు పక్కకి తీసి టీవీ చూశాడు.

"ఇది మన టీవీ కాదేటే?"

"మనదే. బొమ్మ మీ కూతురిది."

జ్ఞానశేఖర్ మళ్లీ తెరవైపు తిరిగి క్రేను వెతుక్కున్నాడు. తర్వాత కూతురి తల మీద చెయ్యి వేశాడు.

"కోసింగొద్దులే అమ్మా. ఆ క్రేను ఇంకోపాలి రప్పించు."

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో టీవీ మీద ఎప్పుడూ ఆ బొమ్మే, జ్ఞానశేఖర్ వార్తలు పక్కింట్లో చూస్తున్నాడు.