మూడో పెట్టె

నా కుడివైపు కూర్చోండి. ఎడమ చెవి మత్సుమోతో వాళ్ళ రంపపు మిల్లుకి ఇచ్చేశాను. నవ్వకండి, ముప్ఫై ఏళ్ళ నౌకరీకి మిగిలింది కుడిచెవి, అదీ అరకొరగా.

రిటైరయ్యాక నాకు స్పీకర్ల పిచ్చి పట్టింది. లావు శబ్దానికో ఆంప్లిఫయర్, మిగతాదానికో ఆంప్లిఫయర్ పెట్టాను. అయినా సరిపోలేదు. సన్నటి శబ్దానికి విడిగా మూడో ఆంప్లిఫయర్ పెట్టె కావాలన్నాను.

"వంటకి నాకు ఒకటే పొయ్యి. మీ పాటలకి మూడు పెట్టెలా?" అంది మా ఆవిడ ఫుమియె.

"సయోకో గంట కోసమే," అన్నాను. అలా అంటే ఆవిడ కాదనలేదని తెలిసే అన్నాను, సిగ్గులేకుండా.

సయోకో మా అమ్మాయి. ఏడో ఏట జ్వరంతో పోయింది. ఎలుగుబంట్లు దగ్గరికి రాకుండా ఈ కొండల్లో పిల్లలు బడిసంచీకి గంట కట్టుకుంటారు కదా, ఓ రోజు బడినుంచి వచ్చి ఆ సంచీతోనే పాట పాడితే టేపు చేశాను. కొన్నేళ్ళుగా పాట వినిపిస్తోంది, గంట మాత్రం వినిపించడం లేదు. తప్పు పెట్టెలదే అనుకున్నాను.

మూడో పెట్టె వచ్చింది. పొద్దున్నే అది, రైస్ కుక్కరూ కలిసేసరికి ఇంట్లో కరెంటు పోయింది. నాలుగు రోజులు వరసగా అంతే. పీఠం మీద అమ్మాయి ఫొటో ముందు రోజూ పెట్టే తొలి అన్నం ఉడకలేదు. ఐదో రోజునుంచి ఏ గొడవా లేదు.

"చూశావా, సర్దుకుంది," అన్నాను.

"సర్దుకోక ఏం చేస్తుంది పాపం," అంది.

"మరి ఈ పెట్టె లైటు వెలగదేం?"

"బల్బు పోయుంటుంది."

రెండేళ్ళు, రోజూ టేపు పెట్టి, "ఆహా, గంట ఎంత బాగా మోగుతోందే," అనేవాణ్ణి. నిజానికి ఒక్కనాడూ వినపడలేదు. అంత గొప్పలు పోయి కొన్నాక ఎలా ఒప్పుకోను? ఫుమియె తల ఊపేది.

మొన్న నా తోటి పిచ్చివాడు కువబరా వచ్చి పెట్టె వెనక్కి తొంగి చూశాడు.

"ఒరే యసుజో, దీని ప్లగ్గు నేలమీద పడుంది. దీని సాకెట్లో రైస్ కుక్కరుంది."

వాడు వెళ్ళేదాకా తలెత్తలేకపోయాను.

"తెలిసే తల ఊపావా?" అని ఫుమియెని అడిగాను.

"గంట మోగిందన్నప్పుడు మీ మొహం బాగుండేది."

"మరి నీకు వినపడుతుందిగా. రెండేళ్ళు గంట వినకుండా ఉన్నావా?"

"అమ్మాయి అన్నం మానలేను కదండీ."

కుక్కరు తీసి మూడో పెట్టె ప్లగ్గు పెట్టాను. దాని లైటు శుభ్రంగా వెలిగింది. టేపు తిరిగింది. నాకు పాటే వినపడింది. ఫుమియె కళ్ళు తుడుచుకుంటోంది.

"మోగుతోందా?"

"మోగుతోంది."

నా చెయ్యి తీసుకుని, గంట మోగినప్పుడల్లా వేలితో తట్టింది. పాట ఆగిపోయింది. ఆవిడ మళ్ళీ రెండుసార్లు తట్టింది.

"పాట అయిపోయింది కదే," అన్నాను.

"సంచీ దించుతోంది," అంది.