కొండమ్మ చేనులో లేని బండి

సైన్యపు బండి శత్రువులకే కాక సొంత ఆఫీసులకు కూడా కనిపించనప్పుడే ఒక దేశపు రక్షణ పరిపూర్ణమవుతుంది. ఆ మహోన్నత దశను మనం శంషాబాద్ పక్కనున్న పాల్మాకులలో, కొండమ్మ టమాట చేనులో అందుకున్నాం.

అది కమాండోల తేలికపాటి బండి. ఇసుకలో ఉరుకుతుంది, గుట్టలెక్కుతుంది, హెలికాప్టరుకు వేలాడుతుంది. సైనిక విన్యాసాల నడుమ మొరాయించి, కొండమ్మ బోరు స్టార్టరు డబ్బాను ఆనుకుని ఆగిపోయింది. రేపొస్తామని కమాండోలు హెలికాప్టరెక్కారు. వారం గడిచినా ఆ రేపు రాలేదు. డబ్బా తెరుచుకోదు, మోటరు వేసే దారి లేదు. పిందె మీదున్న చెట్లు వాడిపోసాగాయి.

ఆమె శంషాబాద్‌లోని రహస్య వాహనాల ఉపవిభాగానికి వెళ్లింది. (రహస్యమే అయినా బోర్డు పెద్దదే.) అధికారి రాఘవేందర్ మర్యాదగా విన్నాడు.

"ఎలాంటి బండమ్మా?"

"తలుపుల్లేవు సారూ. అద్దాల్లేవు, టాపు లేదు, నంబరు లేదు."

"ఇన్ని లేనప్పుడు ఉందని ఎలా అంటున్నారు?"

కొండమ్మ ఫోనులో ఫొటో చూపబోయింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "అది చూసే హోదా నాకు లేదు."

అయినా నియమం ప్రకారం విచారణకు ఒక ఉద్యోగిని పంపాడు. ఆ ఉద్యోగి చేనంతా తిరిగి, బండి బంపరుకు మోకాలు కొట్టుకుని, "ఈదురుగాలి తగిలింది" అని నివేదిక రాశాడు. దాని ఆధారంగా రాఘవేందర్ తీర్పు చెప్పాడు: రహస్య వాహనం ఉండదు, లేని వాహనం మోటరుకు అడ్డం కాజాలదు.

"గయితే లేదని రాసియ్యి సారూ," అంది కొండమ్మ.

ముద్ర వేసి మరీ ఇచ్చాడు.

ఆమె తిన్నగా పక్క చేను పెంటయ్య దగ్గరికి పోయింది. "అన్నా, జర ట్రాక్టర్ తియ్యి."

"మిలట్రీ బండి అక్కా! పట్టుకపోతరు!"

"ఏ బండి? సార్ లేదన్నడు. లేనిదాన్ని గుంజితే కేసేంది?"

పెంటయ్యకు ఇందులో తప్పు కనిపించలేదు. తాడు కట్టారు, కూలికొచ్చిన ఆడవాళ్లు వెనక నుంచి తోశారు. తేలికపాటి బండి అన్న మాట నిజమే. పొద్దు గుంకకముందే మోటరు గుర్రుమంది. మొదటి మడిలోకి నీళ్లు పారుతుంటే కొండమ్మ గట్టు మీద కూలబడి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తెల్లారి ట్రాక్టరుతోనే లాక్కెళ్లి బండిని ఉపవిభాగం గేటుకు అడ్డంగా నిలిపారు.

రాఘవేందర్ కారు గేటు దాకా వచ్చి ఆగింది. ఆయన హారన్ కొట్టించలేదు. (కొట్టిస్తే ఎదురుగా ఏదో ఉందని ఒప్పుకున్నట్టు.) అద్దం దించి కొండమ్మ వైపు చూశాడు.

"ఏమ్మా, ఇదేంటి?"

"ఏది సారూ?"

ఆయన అద్దం ఎత్తేసి, కారును ఇంటికి తిప్పించాడు. ఆ మధ్యాహ్నమే ఉన్నత స్థాయి సమావేశం జరిగింది. బండి ఉందని ఒప్పుకుంటే తీర్పు తప్పవుతుంది కాబట్టి, ఆఫీసుకు గేటు లేదని తీర్మానించారు.

ఇప్పుడు అర్జీలు పెట్టేవాళ్లు గోడ దూకి లోపలికి పోతున్నారు. గోడ దూకినందుకు జరిమానా కట్టే కౌంటరు మాత్రం, ప్రజల సౌకర్యార్థం, ఆదివారం కూడా తెరిచే ఉంటుంది.