ఎండబెట్టవలసిన వస్తువు: అమ్మ

ఆ ఊళ్ళో ఎండ కావాలంటే డిపోలో అర్జీ పెట్టుకోవాలి. మంజూరైన వస్తువు మీద తప్ప అంగుళం అవతల పడదు. ఎర్ర చీటీ కట్టిన చాప మీద ఎండ సరిగ్గా చాప కొలతకే పడుతుంది. చుట్టూ ముసురు పట్టినట్టే ఉంటుంది. ఇందులో ఎవరికీ వింత తోచదు.

కోమలి తల్లి మాణిక్యం ఆరునెలల్లో రెండుసార్లు పడింది. ఎముకలు మెత్తబడి సుద్దముక్కల్లా ఉన్నాయని, మూడోసారి పడితే ఇక లేవదని డాక్టరమ్మ చెప్పింది. కాల్షియం బిళ్ళలు రాసిచ్చి, "ఇవి ఒంటికి పట్టాలంటే డి విటమిన్ కావాలి. అది ఎండ తగిలితేనే పుడుతుంది. రోజూ అరగంట ఎండలో ఉంచు" అంది.

డిపో గుమాస్తా జాబితా తిరగేశాడు. పొలం పోయేవాళ్ళు, పసిపిల్లలు, మిరపకాయలు, వడియాలు, మామిడి ముక్కలు, పరుపులు.

"వంటింట్లో ఉండే ఆడోళ్ళకి గడి లేదమ్మాయ్. వాళ్ళకి ఎండెందుకు?"

"ఎముకలు మెత్తబడ్డాయండీ."

"అట్టా చెప్పు మరి! మెత్తబడినయ్యన్నీ వడియాల గడిలోనే."

కోమలి ఆ గడిలోనే రాసింది. పేరు మాణిక్యం, బరువు యాభై రెండు కిలోలు. షరతులు కింద ఉన్నాయి: చాప మీద పరచాలి. ఒకసారి తిరగెయ్యాలి. కాకులు వాలకుండా కాపలా ఉండాలి. వస్తువు లేచి నడిస్తే చీటీ రద్దు, మళ్ళీ ఇవ్వరు.

మర్నాడు పది గంటలకు తల్లిని వాకిట్లో పరిచింది. ఎండ పడింది. డిపో తనిఖీ అధికారి వచ్చి చాప పక్కనే నిలబడ్డాడు.

అప్పుడే లోపల్నుంచి తండ్రి బసవయ్య కేకేశాడు. "మాణిక్యం! పాలు పొంగుతున్నయ్!"

పందొమ్మిదేళ్ళుగా ఆ కేకకు ఆమె లేవని రోజు లేదు. కాలి బొటనవేలు కదిలింది. మోకాలు కొంచెం పైకి లేచింది. అధికారి కలం మూత తీశాడు. కోమలి కాకిని తోలుతున్నట్టు కర్ర ఎత్తి, ఆ మోకాలిని మెల్లగా చాపకు అదిమింది. పాలు మాడిన వాసన వాకిలి దాకా వచ్చింది. మాణిక్యం లేవలేదు.

"బాగా ఎండుతోంది" అని రాసుకుని అధికారి వెళ్ళిపోయాడు.

బసవయ్య బయటికొచ్చాడు. చీటీ చదివాడు. వంగి, మామిడి ముక్కను చూసినట్టే భార్య ముంజేతిని రెండు వేళ్ళతో నొక్కి చూశాడు.

"ఇంకా పచ్చి ఆరలా. నాలుగు రోజులన్నా వెయ్యాలి." వానకు డిపో లేదు గనుక తలెత్తి ఆకాశం చూశాడు. "చినుకు పడేట్టుంది. బరకం తెచ్చి కప్పమ్మాయ్, తడిస్తే పాడైపోద్ది."

తన కోసం ఆ ఇంట్లో ఒకరు మబ్బు వైపు చూడటం మాణిక్యానికి పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

కోమలి బరకం కప్పుతూ, "అమ్మా, కాళ్ళు నొప్పెడుతున్నాయా?" అని అడిగింది.

"మాట్లాడించబాకే" అంది తల్లి, పెదవులు కదలనివ్వకుండా. "మనిషిననుకుంటారు."